పేరు ఆ అమ్మాయిదే పడాలి

మా జర్నలిజం మేడమ్ పోయారన్న కబురు సోమవారం పొద్దున, నేను ఆఫీసుకు తయారవుతుండగా వచ్చింది. కాలేజీలో నా పక్కన కూర్చునే స్నేహితురాలు ఫోన్ చేసి, "మేడమ్ ఇగ లేరే" అని మాత్రం అంది. కొంతకాలంగా ఆమె గుండెజబ్బుతో ఉన్నారని మాకు తెలుసు. అయినా అలవాటు కొద్దీ నా నోట వచ్చిన మొదటి మాట, "ఎవరు చెప్పిండ్రు?" అవతల ఏడుస్తున్న పిల్ల కాస్తా నవ్వేసింది. ఆ ప్రశ్న మాకు నేర్పింది మేడమే.

క్లాసులో ఎవరేమన్నా, "ఎవరు చెప్పారండీ?" అనేవారు. వాన పడుతుందట అన్నా అదే, క్యాంటీన్‌లో వడలు వేడిగా ఉన్నాయట అన్నా అదే. మొదట వేళాకోళం అనుకున్నాం. "విన్నది వార్త కాదమ్మా. చెప్పిన మనిషి దగ్గరికి మీరు వెళ్ళొస్తే, అప్పుడు వార్త," అనేవారు. ఆమెది గుంటూరు వైపు. విద్యార్థులనైనా మీరు అనే పిలిచేవారు. ఒక పత్రిక డెస్కులో ఏళ్ళ తరబడి ఇతరుల రాతలు దిద్ది, ఆ తర్వాత జూబ్లీహిల్స్‌లోని మా కాలేజీకి పాఠాలు చెప్పడానికి వచ్చారు. ఫిల్మ్‌నగర్‌లో చిన్న కిరాయి ఇంట్లో ఉండేవారు.

కాలేజీ గేటు ముందు నుంచే హీరోల కార్లు పోయేవి. క్లాసులో అందరికీ స్టార్ల ఇంటర్వ్యూలే కావాలి. నేను ఎర్రగడ్డ నుంచి బస్సులో వచ్చేదాన్ని. మా మేనత్త జూనియర్ ఆర్టిస్టు. సినిమాల్లో పెళ్ళి సీనుకో జాతర సీనుకో గుంపులో నిలబడుతుంది. అవుట్‌డోర్ షూటింగుల్లో ఆడవాళ్ళకు బట్టలు మార్చుకునే చోటు ఉండదని, కొందరు చీరలు అడ్డం పట్టుకుంటే మధ్యలో ఒకరు మార్చుకుంటారని ఇంట్లో చెబుతుండేది. భయపడుతూనే ఆ సంగతి క్లాసులో అన్నాను.

"ఎవరు చెప్పారండీ?"

"మా అత్తమ్మ, మేడమ్."

"అయితే ఆవిడతో వెళ్ళి చూసిరండి. ఆవిడొక్కరే చెబితే చాలదు. మిగతావాళ్ళనీ అడగండి, ప్రొడక్షన్ వాళ్ళనీ అడగండి."

వెళ్ళాను. చూశాను. ఒక చీర అంచు నేనూ పట్టుకున్నాను. రాసి తెచ్చిన ప్రతిసారీ ఆమె తిప్పి పంపారు. 'దయనీయం', 'హృదయవిదారకం' అన్నీ కొట్టేశారు. "చీర పట్టుకున్న చేతులు లాగేశాయని రాశారు చూడండి, అది చాలు. ఏడవడం చదివేవాళ్ళ పని."

చివరికి నన్ను వెంటబెట్టుకుని ఒక పత్రిక ఆఫీసుకు తీసుకెళ్ళారు. ఆదివారం అనుబంధం చూసే ఎడిటర్ ఒకప్పుడు ఆమెతో కలిసి పనిచేసినాయన. అంతా చదివి, "మస్తుగుంది మేడమ్. కానీ స్టూడెంట్ పేరుతోని ఎట్ల వేస్తం? మీ పేరు పెడదాం, కాలేజీ మేడమంటే జనానికి నమ్మకం ఉంటది," అన్నాడు.

అచ్చయితే చాలు, ఎవరి పేరైతేనేం అనుకున్నాను నేను. ఆమె మాత్రం చెయ్యి చాపారు.

"వెళ్ళింది ఆ అమ్మాయి, చూసింది ఆ అమ్మాయి. పేరు ఆ అమ్మాయిదే పడాలి. కుదరదంటే కాయితాలు ఇచ్చేయండి, ఇంకోచోట అడుగుతాం."

ఆయన కాయితాలు ఇవ్వలేదు. నా వైపు తిరిగి ఒక్కో వాక్యానికీ ఆధారం అడిగాడు. ఒక్కోదానికీ మనిషిని చూపించాను. ఆదివారం ఆ పేజీలో నా పేరు పడింది. నాన్న స్టీలు సామాన్ల దుకాణానికి వచ్చినవాళ్ళెవరూ ఆ వారం పేపరు చూడకుండా గిన్నె కొనుక్కోలేదు.

కొన్నాళ్ళకు షూటింగ్ నుంచి అత్తమ్మ ఫోన్. "బిడ్డా, గీడ మాకు డేరా ఏసిండ్రే! సుట్టూ బట్ట కట్టిండ్రు, లోపల అద్దం గూడ పెట్టిండ్రు. పేపర్ల రాసిన పిల్లకు అత్తవు నువ్వేనా అని మేనేజర్ అడిగిండు. అవ్, నేనే అని చెప్పిన!"

ఆ మాట చెబితే మేడమ్ పాఠం పక్కనపెట్టి క్లాసంతటికీ మిర్చి బజ్జీలు తెప్పించారు. ఆ తర్వాత మాలో చాలామంది పేర్లు అచ్చులో పడ్డాయి. ఒకరోజు నేనే అడిగాను: "మేడమ్, మీ పేరు ఎప్పుడు పడ్డది?"

"డెస్కు వాళ్ళకి పేరెక్కడుంటుందండీ," అని నవ్వారు. మీరూ ఒకటి రాయాల్సిందేనని మేం వదల్లేదు. ఆమె మాకు గడువు పెట్టినట్టే మేమూ ఆమెకు గడువు పెట్టాం.

రాసి తెచ్చారు, తన అక్క గురించి. ఆ అక్క డబ్బింగ్ ఆర్టిస్టు. ఎందరో హీరోయిన్లకు గొంతునిచ్చారు. మీలో చాలామంది ఆ గొంతు వినే ఉంటారు, ఆమె ఎవరో మాత్రం తెలిసి ఉండదు. మేడమ్ చదివి వినిపించాక, మొన్న నాకు ఫోన్ చేసిన స్నేహితురాలే లేచి, "మేడమ్, గొంతు గురించి రాసిండ్రు గానీ, అక్కతోని ఒక్క మాట గూడ మాట్లాడియ్యలేదు," అంది. క్లాసంతా బిక్కచచ్చిపోయింది. మేడమ్ కాయితాలు మడిచి సంచిలో పెట్టుకున్నారు. "నిజమేనండీ. మళ్ళీ రాస్తాను."

మళ్ళీ రాశారు. ఈసారి అక్క మాటలే సగం. ఆ ఎడిటర్‌కు మేమే తీసుకెళ్ళి ఇచ్చాం. ఆమె పేరుతో అచ్చయింది.

తర్వాత ఆ అక్క మా క్లాసుకు వచ్చారు. సాదా నేతచీర, చేతిలో ఆ పేపరు. నిలబడి చదవడం మొదలుపెట్టారు. మొదటి వాక్యానికే గుర్తుపట్టాను. చిన్నప్పుడు థియేటర్ చీకట్లో నన్ను ఏడిపించిన గొంతు అది. కారిడార్‌లో పోతున్నవాళ్ళు ఆగిపోయారు. పక్క క్లాసు పిల్లలు, ఆఫీసు వాళ్ళు, వాచ్‌మన్ తలుపు దగ్గర గుమిగూడారు. నేను మేడమ్ కోసం వెతికాను. చివరి బెంచీలో, పిల్లల మధ్య ఇరుక్కుని కూర్చున్నారు.

వ్యాసం అయిపోయింది. అక్క పేపరు మడవలేదు. కింద ఉన్న రచయిత్రి పేరును, ఇంటిపేరుతో సహా, నిదానంగా, నిండుగా పలికారు.

హాజరు పిలిచినట్టుగా మేడమ్ చటుక్కున లేచారు. గది మొత్తం చప్పట్లు. ఏం చెయ్యాలో తోచక, కళ్ళద్దాలు తీసి చేత్తో పట్టుకుని, ఆ బెంచీల మధ్య అలాగే నిలబడి ఉన్నారు.