పెయింటు బకెట్టుకు బొట్టు

పుంగనూరులో మా ఇంటి హాల్లోకి చేపల తొట్టి వచ్చింది నా ముచ్చట కొద్దీ కాదు. మా ఆయనకు బోరు మోటార్ల షాపు ఉంది. ఒక ఏడాది బేరాలు సరిగా సాగక దిగాలుగా ఉంటే, వాస్తు చూసే పెద్దమనిషి ఒకాయన వచ్చి, ఈశాన్యం మూల నీళ్లు కదలాలని, ఆ నీళ్లలో ఎర్ర చేపలు తిరగాలని చెప్పి, కాఫీ తాగి వెళ్లాడు. మరునాడే మదనపల్లె నుంచి గాజు తొట్టి, కవర్లో గోల్డ్‌ఫిష్‌లు దిగాయి. నేను మదనపల్లెలోనే ఒక ఆఫీసులో గుమాస్తాను. రోజూ బస్సులో పోయి వస్తాను. ఆ చేపల షాపు ముందు నుంచే నడిచి పోతాను. అయినా నన్ను ఒక్క మాట అడిగిన వాళ్లు లేరు. తొట్టి తుడవడం, మేత వేయడం మాత్రం నా పనేనని ఎవరూ చెప్పకుండానే తేలిపోయింది.

వారం తిరక్కుండానే చేపలు చావడం మొదలుపెట్టాయి. ఒక చేప పోయిన పొద్దునే మా ఆయన పలమనేరు రోడ్డులో బండి మీద నుంచి పడ్డాడు. మోచెయ్యి గీసుకుపోయింది, అంతే. ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పగానే మా అత్త తొట్టి వైపు తిరిగి చేతులు జోడించింది.

"నీకు రావాల్సింది అది తీసకపోయిండాది నాయనా. లేకుంటే ఏమయ్యుండునో!"

ఆ రోజుతో మా ఇంట్లో చేప చావు శుభవార్త అయిపోయింది. ఒకటి వెల్లకిలా తేలితే ఇంటి దిష్టి పోయినట్టు. రెండు తేలితే మరీ మంచిది. మా అత్త వాటిని ఆకులో చుట్టి జామచెట్టు కింద పూడ్చేది. మా ఆయన ఆదివారం పోయి కొత్తవి తెచ్చి పోసేవాడు. బల్బు మాడిపోతే మార్చినట్టు మార్చేవాడు.

నాకు పెద్ద వేదాంతమేమీ తెలియదు. నీటి పైకొచ్చి నోరు తెరిచి కొట్టుకుంటున్న ప్రాణాన్ని చూస్తూ పక్కనే కూర్చుని ఇడ్లీ తినడం నాకు చేతకాలేదు. మిగతా వాళ్ల మేలు కోసం ఎవరో ఒకరు అరిగిపోవడం ఆ ఇంట్లో మామూలే. పెళ్లయినప్పటి నుంచీ చూస్తున్నాను. కనీసం ఆ తొట్టిలోనైనా అది ఆగాలని నాకు మొండిపట్టు పట్టుకుంది. ఆ చేపలు బతకాలి. ఎవరి గండమూ మోయకుండా, ఊరికే బతకాలి.

షాపులో అమ్మే చిన్న ఫిల్టరు మా బోరు నీళ్ల ఉప్పుకు తొందరగానే పట్టేసింది. ఇక బస్సులో కూర్చుని ఫోన్లో వీడియోలు చూసి నేనే తయారు చేసుకోవడానికి దిగాను. ప్రహరీకి రంగు వేయించినప్పుడు మిగిలిన పెయింటు బకెట్టును గీకి గీకి కడిగాను. ఇనుప చువ్వను గ్యాస్ మీద ఎర్రగా కాల్చి అడుగున బెజ్జాలు పొడిచాను. ఇల్లంతా ప్లాస్టిక్ కంపు. మదనపల్లె టమాటా మార్కెట్ దగ్గర పగిలిన క్రేటు ముక్క ఒకటి దొరికితే బ్యాగులో పెట్టుకుని వచ్చి, గుండ్రంగా కోసి బకెట్టు అడుగున జల్లెడలా వేశాను. దాని మీద కుండపెంకులు, వాటి మీద అంట్లు తోమే ప్లాస్టిక్ పీచు, అన్నిటికన్నా పైన స్పాంజి. అటక మీది పాత కూలర్లో పంపు తీసి తొట్టిలో ముంచాను. అది నీళ్లను పైపులో పైకి తోస్తుంది. తొట్టి మీద రెండు చెక్కలు వేసి నిలబెట్టిన బకెట్టులో ఆ నీళ్లు వడకట్టుకుని మళ్లీ తొట్టిలోకే పడతాయి. మొదటి రోజు స్పాంజి ఒత్తుగా కూరడంతో నీళ్లు దిగక పొంగి హాలంతా మడుగైంది. గోనెసంచులు తెచ్చి పరిచింది మా అత్తే. ఆ పరిచేంతసేపూ తిట్టింది కూడా.

పైపు వంపుకు ఒక ఎల్బో కావాలని మా మోటార్ల షాపుకు పోయి అడిగాను. మా ఆయన ఎదురుగా కూర్చున్న రైతుల ముందే నవ్వాడు.

"పాతాళంలో నీళ్లు పైకి తెచ్చేవాణ్ణి ఈడ నేనుండాను. ఆ బకెట్టు నీళ్లకు నువ్వు ఇంజనీరువా మే?"

అందరూ నవ్వారు. నేను ఎల్బో తీసుకుని వచ్చేశాను. ఒళ్లు మండిపోయింది.

కొన్నాళ్లకు కుండపెంకుల మీద మట్టిరంగు జిగురు పట్టింది. చూడటానికి అసహ్యం. కానీ కిటుకంతా అందులోనే ఉంది. చేపలు వదిలే మలినం నీళ్లలో విషమవుతుంది. కంటికి కనబడని జీవాలు ఆ జిగురులో బతుకుతూ ఆ విషాన్ని తినేస్తాయి. అందుకే పెంకులను కడగకూడదు. స్పాంజిని కూడా తొట్టిలో నుంచి తీసిన నీళ్లలోనే పిండాలి. ఈ మాట ఇంట్లో ఇద్దరికీ విడివిడిగా చెప్పాను. సరే సరే అన్నారు. మా ఇంట్లో నాతో సరే సరే అన్నారంటే విననట్టే.

చేపలు నిలిచాయి. ఒక్కటీ పోలేదు. తోకలు పెరిగాయి, నన్ను చూస్తే గాజు దగ్గరికి వచ్చేవి. నెలలు గడిచేకొద్దీ మా అత్తకు బెంగ పట్టుకుంది.

"ఏమ్మా, ఈ మధ్య ఒకటీ పోలేదే? మరి ఇంటికొచ్చే కీడంతా యాడికి పోతాండాది?"

నేను మేత డబ్బా మూత తీసి చేపలకు మేత వేశాను.

దసరా వచ్చింది. ఆయుధపూజంటే మా వైపు చిన్న పండుగ కాదు. స్పానర్ల నుంచి లారీల దాకా ప్రతి పనిముట్టూ తళతళలాడేలా కడిగి, విభూది పూసి, బొట్టు పెట్టి, ఆ రోజుకు దానికి దేవుడి మర్యాద చేస్తారు. నేను వంటింట్లో వడలు వేస్తూ గుగ్గిళ్లకు తిరగమోత పెడుతున్నాను. చేతులు కడుక్కుని హాల్లోకి వచ్చేసరికి నా బకెట్టు కొత్తదానిలా తెల్లగా మెరుస్తోంది. విభూది, పసుపు, కుంకుమ, చుట్టూ బంతిపూల దండ. పంపు ఆడుతోంది. మా ఆయన పక్కనే పట్టుపంచెలో నిలబడి ఉన్నాడు.

"నీది కూడా మిషనే కదా. షాపుకు తీసకపోయి మోటార్లతో పాటే కడిగినా. ఎంత పాచి పట్టిండాదో సూడు, బ్రష్షుతో రుద్ది బ్లీచింగు ఏస్తే గానీ పోలేదు."

అంతకుముందెన్నడూ నేను చేసిన వస్తువును ఆయన మిషను అనలేదు. అన్నది ఆ రోజే. ఒక్క క్షణం నాకు నిజంగానే సంతోషం కలిగింది. ఆ వెంటనే బ్లీచింగు వాసన ముక్కుకు తగిలింది. అరవాలనుకున్నాను. కానీ ప్రేమగా చేసినదాన్ని ఏమని తిట్టను? గబగబా పంపు ఆపి సగం నీళ్లు తోడి మార్చాను. పండుగ పూట ఈ తోడటమేమిటని మా అత్త గొణిగింది. పెంకుల మీద జిగురు లేదు, అందులోని ప్రాణమూ లేదు. నీళ్లు పాలలా తెల్లబడ్డాయి. ఎన్ని నీళ్లు మార్చినా చేపలు ఒకదాని తర్వాత ఒకటి తేలాయి.

"అన్ని ఒక్కసారి పోయినాయంటే ఎంత పెద్ద గండం తప్పిండాదో" అని మా ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. ఇల్లు తేలికపడింది. చాలా రోజుల తర్వాత మా అత్త కడుపునిండా తింది. నేను వాళ్లిద్దరినీ అసహ్యించుకున్నాను, ఇప్పుడు దాచడమెందుకు.

నల్లమచ్చ ఉన్న చేప ఒకటి మాత్రం మిగిలింది. పక్కకు ఒరిగి ఈదుతోంది. మా అత్త దాన్నే చూస్తూ కూర్చుంది.

"అదొక్కటి యాల మిగిలిండాది? ఇంకా ఏమన్నా రావాల్సి ఉండాదేమో."

మరునాడే ఆ చేపను పచ్చడి డబ్బాలో నీళ్లు పోసి వేసుకుని, మూతకు బెజ్జాలు పెట్టి, కుప్పం బయలుదేరాను. అక్కడ మా చెల్లెలు టీచరు. పలమనేరులో బస్సు మారాను. వెంకటగిరికోట దాటేదాకా డబ్బా ఒళ్లోనే పట్టుకున్నాను. పక్కనున్నామె ఏం కూరమ్మా అని అడిగింది. చేపలే అన్నాను.

చెల్లెలి పెరట్లో తామరలు పెంచే సిమెంటు తొట్టి ఉంది. చేపను అందులో వదిలాను. కాసేపు అడుగున కదలకుండా ఉండి, ఆకుల కిందికి వెళ్లిపోయింది. చెల్లెలు నా భుజం మీద చెయ్యి వేసింది.

"అక్కా, దాన్ని ఈడ పెట్టి, నువ్వు మళ్లా ఆడికే పోతాండావా?"

బస్సుకు టైమైందన్నాను.

ఇంటికి వచ్చేసరికి తొట్టి కడిగి ఉంది. అందులో కొత్త ఎర్ర చేపలు బెదురుగా ఒక మూలకు చేరి ఉన్నాయి. మా ఆయన బకెట్టును నా ముందు పెట్టాడు.

"పంపు సర్వీసు చేసినాను మే. తగిలించు."

"యాల? సావడానికే కదా తెచ్చిండేది."

ఆయనకు కోపం వస్తుందనుకున్నాను. ఆయన తొట్టి వైపు ఒకసారి చూశాడు. అదీ నిజమేలే అన్నాడు. స్పానర్లు వేసుకోవడానికి పనికొస్తుందని బకెట్టు తీసుకుని షాపుకు వెళ్లిపోయాడు.