కళ్ళద్దాల దుకాణంలో శుక్రవారాలు

తెలంగాణ ఇంకా రాని రోజులవి. గోదావరిఖనిలో ఒక ప్రైవేటు కాలేజీలో కెమిస్ట్రీ చెబుతూ, రేకుల గదిలో ఒక్కణ్ణే ఉండేవాణ్ణి. పక్క గదుల్లో అందరూ గని కార్మికులు. వాళ్ళ మాటలు షిఫ్టులతో మొదలై షిఫ్టులతోనే ముగిసేవి. నా పీహెచ్‌డీ గురించి చెబితే, "అది చేస్తె ప్రమోషన్ ఇస్తరా సారూ?" అని అడిగి ఊరుకునేవారు. చెప్పడం మానేశాను.

నా పరిశోధన ఇదీ: చెవికి అందని శబ్దాన్ని ద్రావణంలోకి పంపితే లెక్కలేనన్ని బుడగలు పుట్టి పగులుతాయి. ఆ ధాటికి చిన్న అణువులు ఒకదాన్నొకటి పట్టుకుని పొడవాటి గొలుసులవుతాయి. పాలిమర్ అంటే అదే. పల్చటి ద్రావణం గట్టిపడుతుంది. అలాంటి శబ్దం చేసే యంత్రం మా కాలేజీలో లేదు, బజారులో కళ్ళద్దాల దుకాణంలో ఉంది. ఫ్రేముల సందుల్లోని బొగ్గు దుమ్ము వదిలించడానికి దుకాణం చాచా కొన్న చిన్న తొట్టి అది.

"శుక్రవారం నేను జుమ్మా నమాజుకు పోత. దుకాణం సూస్కో, మిషను నీదే," అన్నాడు చాచా.

తొట్టిలో పెట్టిన ద్రావణం సీసాల్లో వారాల తరబడి ఏదీ గట్టిపడలేదు. నమాజు నుంచి వచ్చి చాచా సీసాను వెలుగుకు పట్టి చూసి, ఇద్దరికీ చాయ్ చెప్పేవాడు. వారం మొత్తంలో నేను ఒక మనిషితో కూర్చుని చాయ్ తాగింది ఆ ఒక్కసారే.

మే నెలలో ఒక శనివారం పొద్దున, ముందురోజు శబ్దం పెట్టి తెచ్చిన సీసా గదిలో గడ్డకట్టి కనిపించింది. వంచినా జారలేదు. చొక్కా గుండీలు సరిగా పెట్టుకోకుండానే దుకాణానికి పరుగెత్తాను. చాచా వచ్చిన ప్రతి గిరాకీకీ చూపించాడు: "మా సారు నీళ్ళను గట్టిగ చేసిండు!"

గదికొచ్చాక గానీ రెండో సీసా గుర్తురాలేదు. పోల్చి చూసుకోవడానికి, శబ్దం పెట్టకుండా కిటికీలో ఉంచింది. అదీ అంతే గట్టిగా ఉంది. అంటే ఇది శబ్దం పని కాదు, రేకుల కింది వేడి చేసిన పని. రామగుండం ఎండలు తెలిసీ, పాఠాలు చెప్పే ఈ పెద్దమనిషికి ఆ మాత్రం తట్టలేదు.

వారమంతా అన్నం సహించలేదు. ఆ చిన్న తొట్టి శక్తి నా పనికి చాలదని తేలిపోయింది. పరిశోధన పోతే పోయింది, శుక్రవారాలు కూడా పోతాయే అని నా దిగులు.

"చాచా, అది మిషను చేసింది కాదు, ఎండ చేసింది. దీనితోని నా పని కాదు," అని తర్వాతి శుక్రవారం చెప్పేశాను.

చాచా చేతిలోని సీసాను కౌంటరు మీద పెట్టి నా మొహం చూశాడు.

"అయితే ఇంక రావా?" అన్నాడు.

ఆ ఊరికొచ్చిన ఆరేళ్ళలో నన్ను ఆ మాట అడిగిన మనిషి లేడు. "వస్త చాచా" అని, ఆ పూట ఇద్దరికీ చాయ్ నేను చెప్పాను.