మోకాలికి మూడు నెలల గడువు

ఎడమ మోకాలు అరిగిపోయింది, మార్చాల్సిందేనని డాక్టరు చెప్పినప్పుడు నేను ససేమిరా అన్నాను. ఇంటికొచ్చాక మా ఆవిడ ఒక బేరం పెట్టింది. మూడు నెలలు ఫిజియోథెరపీ చేయించుకోండి, ఆ తర్వాత దేన్నీ పట్టుకోకుండా మెట్లెక్కగలిగితే ఆపరేషన్ మాట ఎత్తను, అంది. పత్రికలో పనిచేసినన్నాళ్లూ నాయకుల హామీలు నమ్మలేదు గాని, ఈ మాట నమ్మాను.

మౌలాలి నుంచి ఒక అమ్మాయి స్కూటీ మీద రోజూ పొద్దున ఏడింటికి వచ్చేది. మోకాలి కింద తువ్వాలు చుట్టి పెట్టి, "నొక్కండి అంకుల్... పది దాకా వదలొద్దు" అనేది. నేను ఏడుకే వదిలేస్తే, "పేపరోళ్లు గిట్లనే తొందరపడ్తరా?" అంటూ మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టించేది. తర్వాత చీలమండకు ఇసుక సంచి కట్టి కాలు ఎత్తించేది. తొడ వణికిపోయేది. అయినా నేను ఒక్కరోజు కూడా మానలేదు.

మూడో నెల చివర్లో ఒక ఉదయం, మా రెండో అంతస్తు నుంచి డాబా దాకా రెయిలింగ్ ముట్టుకోకుండా ఎక్కాను. పైన ఎవరూ లేరు. నీళ్ల ట్యాంకు పక్కన నిలబడి కాసేపు ఊపిరి తీసుకున్నాను. ఈ సంగతి చెప్పాలని దిగి వస్తుంటే, తెరిచి ఉన్న మా తలుపులోంచి ఆ అమ్మాయి గొంతు వినిపించింది.

"తొడ కండ మంచిగ గట్టిపడ్డది ఆంటీ. ఆపరేషన్ అయినంక జల్దీ నడుస్తరు."

"పదకొండో తారీకు ఇచ్చారమ్మా. ఆయనకింకా చెప్పలేదు," అంటోంది మా ఆవిడ.

గుమ్మంలో నన్ను చూసి ఇద్దరూ ఆగిపోయారు.

"ఈ కసరత్తంతా దానికోసమా?" అని ఆ అమ్మాయిని అడిగాను.

"మోకాలు మార్చే ముందు చేయిస్తరు అంకుల్. డాక్టర్ సాబ్ మొదటి రోజే రాసిండు. మీరు భయపడ్తరని ఆంటీ చెప్పొద్దన్నది."

"చెబితే చేసేవారా?" అంది మా ఆవిడ.

చేసేవాణ్ణి కాదు. అది ఆమెకు తెలుసు. డాబా దాకా ఎక్కానని మాత్రం చెప్పలేదు. చెప్పినా, ఆపరేషన్‌కు కాలు సిద్ధమైందనే అనుకుంటారు.

మర్నాడూ వ్యాయామం చేశాను. మా ఆవిడ తెచ్చి పెట్టిన టీ అలాగే చల్లారిపోయింది. పదింటికి ఆసుపత్రికి నేనే ఫోన్ చేశాను. రద్దు చేయమనలేదు, అరిగిన మోకాలి ఎక్స్‌రే నేనూ చూశాను. పదకొండు కాకుండా, ఆ తర్వాత వారానికి తేదీ ఇమ్మన్నాను. ఆ తేదీ ఒక్కటైనా నేను పెట్టుకున్నది కావాలనిపించింది.

"ఆ వారంలో ఏముందండీ?" అని అడిగింది మా ఆవిడ.

తలుపు తీసి, రెయిలింగ్ ముట్టుకోకుండా మళ్లీ డాబా మెట్లెక్కాను.