విశ్వాసి గడపలో మంత్రసాని

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, అందరికీ వందనాలు. సాక్ష్యం అంటే కన్నీళ్లతో మొదలుపెట్టాలని మీరు ఎదురుచూస్తారని తెలుసు, కానీ నేను కోపంతో మొదలుపెడతాను, ఎందుకంటే నా చీకటి రోజుల్లో నాకు ఎక్కువగా వచ్చింది కోపమే, దాన్ని కూడా దేవుడు వాడుకున్నాడు.

మూడేళ్ల కిందట మొదటి కాన్పులో మా పాప పుట్టినప్పుడు నన్ను ఒక ఆసుపత్రిలో చేర్చారు. పేరు చెప్పను, ఆసుపత్రులన్నీ అలాంటివని కూడా అనను. మా అమ్మను గుమ్మం బయటే ఆపేశారు, మా ఆయనను మెట్ల దగ్గర కూర్చోమన్నారు, మంచినీళ్లు అడిగితే ఇవ్వలేదు, నొప్పికి తట్టుకోలేక కేక వేస్తే అక్కడున్న ఆయా తొడ మీద ఒక్కటి వేసి "అప్పుడు లేని ఏడుపు ఇప్పుడెందుకే" అంది, పక్క మంచాల వాళ్లందరూ విన్నారు. "ప్రభువా, నన్ను ఒంటరిగా వదలకు" అని పైకే ప్రార్థించాను. ప్రార్థనలు చర్చిలో చేసుకో, ఇక్కడ నోరు ముయ్యి అన్నారు.

ఆ దెబ్బ మానింది గాని ఆ మాట మానలేదు సహోదరులారా. ఇంటికి వచ్చాక ఎవరికి చెప్పుకున్నా ఒకటే జవాబు, తల్లీబిడ్డా క్షేమమే కదమ్మా, స్తోత్రం చెప్పుకో అని. చెప్పాను. కానీ దేవునికి చెల్లించే స్తోత్రాన్ని ఆడదాని నోట్లో గుడ్డలా కుక్కమని ఏ వాక్యంలో ఉంది?

అప్పటినుంచి ఫినాయిల్ వాసన తగిలితే ఆ చోటు వదిలి బయటికి వచ్చేసేదాన్ని. పాపకు టీకాలు కూడా మా అత్తయ్యగారే తీసుకువెళ్లి వేయించేవారు. రెండోసారి నెల తప్పిందని తెలిసిన రోజు పెరట్లో అరటిచెట్ల వెనక కూర్చుని వాంతి చేసుకున్నాను, అవి వేవిళ్లు కావు, భయం. అక్కడే ప్రార్థించాను: "ప్రభువా, ఈ బిడ్డను నువ్వే ఇచ్చావు, నా చెయ్యి పట్టుకునే మనిషిని కూడా నువ్వే చూపించు."

ఆయన చూపించిన మనిషి పలివెల రత్నమ్మ గారు. పురుళ్లు పోయడంలో శిక్షణ పొంది, ప్రభుత్వ నర్సుగా చేసి రిటైరైన మనిషి. స్కూటీ దిగి, కాళ్లు కడుక్కుని, నా ఎదురుగా కూర్చుని, మొదట అడిగిన మాట "నీకు దేనికమ్మా భయం?" అని. మూడేళ్లలో ఆ ప్రశ్న అడిగిన మనిషి లేరు. అప్పుడు వచ్చాయి నాకు కన్నీళ్లు.

ఇంట్లోనే కంటానని నేనంటే ఆవిడ వెంటనే తలూపలేదు. "ఇది మొండితనం కాకూడదమ్మా. స్కానింగులు, రక్త పరీక్షలు అన్నీ చేయించాలి, డాక్టరమ్మ గారు చూసి సరేనంటేనే నేను వస్తాను. ఆటో గుమ్మంలో ఉండాలి. నేను పదమన్నానంటే పదాలి, ఇక ప్రార్థనలు ఆటోలోనే" అన్నారు. ఆయ్, అలాగేనండి అన్నాను. ఆవిడ చెయ్యి పట్టుకునే ఆసుపత్రి మెట్లు ఎక్కాను. డాక్టరమ్మ గారు అన్నీ చూసి, తేడా కనిపిస్తే క్షణం ఆగకుండా రావాలని చెప్పి ఒప్పుకున్నారు.

ఇక్కడ మా అత్తయ్యగారు ఒక మాట జారారు. బుధవారం స్త్రీల కూడికలో సంబరంగా "మా కోడలికి ఇంట్లోనే పురుడండీ, మంత్రసాని వస్తున్నారు" అని చెప్పేశారు. ఆవిడ చిన్నప్పటినుంచి విన్న మాట అది. సాయంత్రానికల్లా మన సంఘ పెద్ద సుందరరావు గారు మా అరుగు మీద ఉన్నారు. "మంత్రాలు వేసేవాళ్లని విశ్వాసి గడపలోకి ఎలా రానిచ్చేరండీ?" అన్నారు. గర్భిణుల పేర్లు రాసే బుధవారం ప్రార్థన చీటీలోంచి ఎనిమిదో నెల గర్భిణినైన నా పేరు కొట్టేశారు.

తల్లికీ బిడ్డకూ ప్రమాదం కదా అని అడిగి ఉంటే జవాబు చెప్పేదాన్ని, అడగవలసిన ప్రశ్నే అది. ఆయన అడగలేదు. మంత్రసాని అన్న మాటలో మంత్రం ఉందట! మరి మన చర్చి ప్రహరీ ప్రారంభానికి మంత్రి గారు వచ్చినప్పుడు పూలదండ ఎలా వేశారండీ, ఆ మాటలో మంత్రం కనబడలేదా?

రెండు వారాల తర్వాత ఆదివారం పాత నిబంధన పాఠం చదివే వంతు సుందరరావు గారిదే. ఐగుప్తు రాజు మగబిడ్డలను చంపమంటే, దేవునికి భయపడి ఆ రాజు మాట వినని ఇద్దరు స్త్రీల సంగతి. వాళ్లు ఎవరో ఆ వాక్యంలో రాసి ఉన్న మాట దగ్గర ఆయన చదవడం ఆపారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మళ్లీ పెట్టుకుని చూస్తే అక్కడ అదే మాట ఉంది. "మంత్రసానులు" అని చదివారు. చదివి ఇంటికి వెళ్లిపోయారు గాని, చీటీలో నా పేరు మాత్రం మళ్లీ రాయలేదు.

నెలలు నిండాక ఒక శనివారం పొద్దున్న నొప్పులు మొదలయ్యాయి. ఆటో గుమ్మంలో ఉంది, మా అమ్మ నా వెనక ఉంది, మా ఆయన గుక్కెడు గుక్కెడు నీళ్లు తాగించారు, రత్నమ్మ గారు మాటిమాటికీ బిడ్డ గుండె వింటున్నారు. కేక వచ్చింది, పాత భయంతో పళ్ల బిగువున ఆపుకున్నాను. ఆవిడ నా వీపు రాస్తూ "అరువమ్మా, ఇది నీ ఇల్లు" అన్నారు. సహోదరులారా, నా విడుదల అదే. బిడ్డ మధ్యాహ్నం పుట్టాడు, నా భయం ఆ మాటతోనే పోయింది. దేవునికే మహిమ.

తొమ్మిదో రోజున సుందరరావు గారు అరటిగెల పట్టుకుని వచ్చి, అరుగు దిగువనే నిలబడి "మంత్రసాని గారు ఈ పూట వస్తారా అమ్మా? మా చిన్నమ్మాయికి ఆరో నెలండి, భయపడిపోతోంది" అన్నారు. ఆయన అనుమతితోనే చెబుతున్నాను. నా కోపం మొత్తం పోయిందని దేవుని సన్నిధిలో అబద్ధమాడను, సగం ఉంది.

చెల్లెళ్లారా, మీరు ఎక్కడ కంటారో వైద్యం తెలిసినవారిని అడిగి నిర్ణయించుకోండి, కానీ నీకు దేనికమ్మా భయం అని అడిగే మనిషి కోసం ప్రార్థించండి, దేవుడు తప్పక పంపుతాడు, ఆయనను నమ్మండి. సుందరరావు గారూ, మీకు ఒక్క మనవి. ఈ బుధవారం చీటీలో మొదటి పేరు రత్నమ్మ గారిది రాయండి. పక్కన నర్సు అని రాయకండి. మీరు ఆ ఆదివారం చదివిన మాటే రాయండి.