మర్యాదగా మానుకున్న ఉద్యోగం

తెలంగాణ వచ్చిన కొత్తలో మోత్కూరు దారిలో ఒక పత్తి మిల్లులో సూపర్‌వైజరుగా చేసేవాడిని. ఆ ఏడు వానకు తడిసిన పత్తి చవగ్గా వస్తోందని మా సేటు కొన్నాడు. ఆరబెట్టకుండానే షెడ్డులో కుప్ప పోయించాడు. మోచేతి దాకా చేయి పెడితే లోపల జ్వరం వచ్చిన ఒళ్లులా కాలుతోంది. కుప్ప విప్పి ఆరబెట్టిద్దామని చెప్పి చూశాను. "సీజన్ల పని ఆపుతరా ఎవరన్న?" అన్నాడు. ఆ వేడికి కుప్ప తనంతట తానే అంటుకుంటే అది నా మెడకే చుట్టుకుంటుంది. సేటు మెడకు ఏ తాడూ అందదు. అందుకే మానేద్దామనుకున్నాను.

మానడానికీ ఒక పద్ధతి ఉండాలని నా పట్టుదల. తిన్నింటి వాసాలు లెక్కపెట్టాడన్న పేరు నాకొద్దు. రేపు ఇంకో మిల్లువాడు నా గురించి ఈయన్నే అడుగుతాడు. అందుకని రాజీనామాలో పత్తి ఊసెత్తకుండా 'సొంత కారణాలు' అని రాసి, నెల గడువిచ్చాను. సేటు చదివి, చాయ్ తెప్పించాడు.

"మీది రామన్నపేట దిక్కు గదా? మగ్గాలోళ్లు గదా మీరు?"

అవునన్నాను. ఎన్నడూ లేని ఆ ప్రేమ నాకు నచ్చలేదు.

ఆ నెలంతా నా స్థానంలోకి ఎవరినీ వెతకలేదాయన. అడిగితే "దొరుకుతడు తియ్, ఫికర్ జెయ్యకు" అనేవాడు. షెడ్డులో మాడు వాసన మొదలైంది. కుప్ప పక్కన కూర్చుని సద్దులు తినే కూలీలు ఒక్కొక్కరే బయటి ఎండలోకి మారారు. నాకు నిజంగానే భయం పట్టుకుంది.

ఆఖరి రోజు పొద్దున మిల్లు గేటు దగ్గర మా నాయిన నిలబడి ఉన్నాడు. ఉతికిన ధోతి, భుజాన తువ్వాల. మోకాళ్ల నొప్పులతో మగ్గం మానిన మనిషి.

"సేటు ఇంటికొచ్చిండు బిడ్డా. నీ జాగా ఖాళీ అయితాందట, నమ్మకమైన మనిషి దొరుకుత లేడట. నేనున్న అన్న. నీ పని నాకు రాకున్నా ఏం గాదట, రాత్రిపూట గీ షెడ్డు కాడ కావలుండుడే."

మా మగ్గాల ఇళ్లలో ఒక కట్టుబాటుంది. నేయించే ఆసామి దగ్గర పని మానేవాడు తనవాళ్లలో ఒకరిని ఆ మగ్గం మీద కూర్చోబెట్టి మరీ దిగుతాడు. ఖాళీగా విడిస్తే ఇంటి మాట పోతుంది. సేటు మా ఊరు అడిగింది ఇందుకేనన్నమాట. నా ఒళ్లు మండిపోయింది.

"ఈడొద్దు నాయినా, ఇంటికి పో. పత్తి లోపట్నుంచి కాలుతాంది."

"గంత ఉంటే కాగితంల ఎందుకు రాయలే? ఇంటి పనుండి మానుతున్నడని సేటే చెప్పిండు. మాటిచ్చిన, ఎట్ల పోవాలె?"

నేను వద్దంటుండగానే షెడ్డులోకి నడిచి కుప్పలో చేయి పెట్టాడు. ముఖం విప్పారింది.

"పత్తి ఎచ్చగనే ఉంటది బిడ్డా. చలి రాత్రి దీన్నే ఒరిగి కూసుంట."

నేను సేటు గదిలోకి వెళ్లాను. మాననని చెప్పాను, మా నాయినను ఇంటికి పంపమని చేతులు జోడించాను. ఆయన ముఖంలో ఆశ్చర్యమన్నది లేదు.

"నాకెర్కనే," అన్నాడు. "కూసో, చాయ్ తాగు."