గేరు దించితే ఆగిపోయిన క్యాంపు వ్యాను

1969. సింధనూరులో గంగావతి రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకుని నేను సొంతంగా మెకానిక్ పని మొదలుపెట్టి అప్పటికి కొన్నేళ్లయింది. తుంగభద్ర కాలువ నీళ్లు వచ్చాక చుట్టుపక్కల రేగడి నేలల్లో వరి పడింది. కోస్తా జిల్లాల నుంచి రైతులు వచ్చి క్యాంపులని కొత్త ఊళ్లు కట్టుకున్నారు. వాళ్ల వెనకే ట్రాక్టర్లు, పంపుసెట్లు, లారీలు వచ్చాయి. అవన్నీ ఏదో ఒక రోజు మొరాయిస్తాయి గదా, దాంతో నా ఇంట్లో పొయ్యి వెలిగింది.

పని నేర్చింది రాయచూరులో ఒక ఉస్తాద్ దగ్గర. ఆయన దగ్గర పనితో పాటు కోపం కూడా అబ్బింది నాకు. బాగుచేసి పంపిన బండి మళ్లీ నా గుమ్మం తొక్కిందంటే ఆ పూట ఎవరూ నాతో మాట్లాడే పని పెట్టుకునేవారు కాదు. మా ఆవిడ అన్నం పళ్లెం చప్పుడు కాకుండా పెట్టి లోపలికి పోయేది. అలాంటి నన్ను ఆ ఏడాది ఒక వ్యాను వారం వారం ఆడుకుంది.

అది తుర్విహాళ దగ్గర ఒక క్యాంపు రైతులందరూ కలిసి కొన్న పాత పెట్రోలు వ్యాను. పొద్దున పాలు, కూరగాయలు సింధనూరుకు తెచ్చేది. క్యాంపులో ఎవరికైనా జబ్బు చేస్తే, కాన్పు కష్టమైతే ఆసుపత్రికి తెచ్చేది కూడా అదే. డ్రైవరు తాయప్ప మా రాయచూరు దగ్గర కల్లూరు మనిషి. నలభై దాటాయి. గట్టిగా మాట్లాడడు. ఇద్దరు ఆడపిల్లలను, పెళ్లాన్ని క్యాంపులోనే ఒక కొట్టంలో పెట్టుకున్నాడు. ఆ నౌకరి పోతే కొట్టమూ పోతుంది.

మొదటిసారి తాయప్పతో పాటు క్యాంపు పెద్ద రామకోటయ్య గారు కూడా వచ్చారు. తెల్లటి పంచె, భుజం మీద తువ్వాలు, మాటలో తొందర.

"చూడండి మేస్త్రీ గారూ, మూడో గేరులో బండి బ్రహ్మాండంగా పోద్ది. ఈయన గేరు దించాడా, టక్కున ఆగిపోద్ది. బండిలోనే లోపముంటే అన్ని గేర్లలోనూ ఆగాలి కదండీ? మొన్న పెద్ద కాలవ వంతెన ఎక్కుతుంటే ఆగిపోయి వెనక్కి దొర్లింది. లోపల ఇద్దరు ఆడాళ్లు, ఒక చంటిబిడ్డ. గట్టు మీద రాయికి టైరు తగిలింది కాబట్టి సరిపోయింది, లేకపోతే కాలవలోనే!"

తాయప్ప నేల చూస్తూ నిలబడ్డాడు. "హ్యాండ్ బ్రేకు గుంజిన గని, జరా ఆలస్యమైంది సామీ" అన్నాడు.

"ఆలస్యమే కదయ్యా నీతో వచ్చిన తంటా" అన్నారు రామకోటయ్య గారు.

ఇక్కడ రెండు ముక్కలు చెప్పాలి. ఆ దారిలో కాలువలు చాలా. ప్రతి కాలువ మీదా వంతెన దారి కంటే ఎత్తుగా ఉంటుంది, ఎక్కాలంటే గేరు దించక తప్పదు. ఆ కాలం గేరుబాక్సుల్లో గేరు దించడం ఒక్క తోపుతో అయ్యే పని కాదు. క్లచ్ తొక్కి గేరు విడిపించి, క్లచ్ వదిలి, కొంచెం యాక్సిలరేటర్ ఇచ్చి, మళ్లీ క్లచ్ తొక్కి కింది గేరు వెయ్యాలి. దాన్నే డబుల్ క్లచ్ అంటాం. ఈ తతంగం మధ్యలో కాలు యాక్సిలరేటర్ మీద నుంచి లేచిన క్షణం ఇంజన్ తనంతట తాను మెల్లగా తిరుగుతూ ఉండాలి. దాన్ని మేము స్లో స్పీడు అంటాం. అది సరిగా లేకపోతే ఆ క్షణంలోనే ఇంజన్ చచ్చిపోతుంది. అంటే తప్పు డ్రైవరు కాలిలో ఉండొచ్చు, ఇంజన్లో ఉండొచ్చు. రెండూ చూసేవాడికి ఒకేలా కనిపిస్తాయి.

క్లచ్ చూశాను, బాగానే విడుస్తోంది. కార్బురేటర్ విప్పాను. పెట్రోలునూ గాలినీ కలిపి ఇంజన్‌కు పంపేది అదే. కడిగి, పంపుతో అన్ని కన్నాల్లోనూ గాలి కొట్టి బిగించాను. ఊరి బయటి వంతెన మీద తాయప్పతో పదేపదే గేరు దింపించాను. ఒక్కసారి కూడా ఆగలేదు. ఛాతీ విరుచుకుని పంపాను.

ఆ వచ్చే శనివారం మళ్లీ నా షెడ్డు ముందు వ్యాను!

"ఏందీ తాయప్పా, మల్ల ఏమైంది?"

"అదే అన్నా. నిన్నటి దాకా మస్తుగ నడిచింది. ఇయ్యాల పొద్దుగాల సుతం బాగనే ఉంది. ఇంజన్ వేడయినంక వంతెన కాడ గిట్ల గేరు దించితి, ఆగె."

మళ్లీ విప్పాను, కడిగాను, గాలి కొట్టాను. మళ్లీ బాగైంది. పై శనివారం మళ్లీ వచ్చింది. ఈసారి ప్లగ్గులు తీసి చూస్తే మసి పట్టి బొగ్గులా ఉన్నాయి. అంటే స్లో స్పీడులో పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ. చల్లటి ఇంజన్‌కు అది చెల్లుతుంది, వేడెక్కితే ఊపిరాడక ఆగిపోతుంది. మళ్లీ కడిగి బిగించాను. రోగం తెలిసింది గాని, ఎక్కడి నుంచి వస్తోందో అంతుపట్టలేదు. పైగా తాయప్ప ఇంజన్‌ను అద్దంలా తుడిచి తెచ్చేవాడు. దుమ్ము అనడానికి కూడా వీల్లేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

"నువ్వు గాని స్క్రూలు తిప్పుతున్నవా? తెలిసీ తెలియక?"

"నా పిల్లల మీద ఒట్టన్నా. బానెట్ తెరిస్తే తుడిచేందుకే తెరుస్త." తుడిచే గుడ్డ మడత పెట్టాడు. "ఇంగొక్కసారి ఆగితే చాలంట, తెనాలి దిక్కు నుంచి వేరే డ్రైవర్‌ను తెస్తరంట. పెద్దాయన ఇయ్యాల చెప్పిండు. నాకు పొద్దుగాల సంది అన్నం దిగుతలేదు."

ఆ మాటతో నా కోపం ఎటు పోయిందో తెలియదు. శుక్రవారం పొద్దున బాగుండే బండి శనివారానికి ఎందుకు చెడుతుంది? శుక్రవారం నాడు క్యాంపులో దానికి ఏమవుతుంది? ఆ వచ్చే శుక్రవారం షెడ్డుకు తాళం వేసి, పొద్దున పాలు దించి పోతున్న వ్యానులోనే ఎక్కి కూర్చున్నాను. దారి పొడుగునా అతని కాళ్లే చూశాను. ప్రతి వంతెన దగ్గరా తాయప్ప పెదవి కొరుక్కుంటూ గేరు దించాడు. కాలు తప్పలేదు, బండి ఆగలేదు.

క్యాంపులో వ్యానును రామకోటయ్య గారి ఇంటి ముందు వేపచెట్టు నీడన పెట్టాడు. నేను వాకిట్లో మజ్జిగ తాగుతుండగా లోపలి నుంచి ఒక పెద్దావిడ చేతిలో పళ్లెంతో వచ్చింది. తలంటుకున్న జుట్టు ముడి వేసుకుంది. రామకోటయ్య గారి తల్లి, వెంకాయమ్మ గారు.

"తాయప్పా, తలుపు తియ్యి నాయనా" అంది. ఆవిడ లెక్కలో తలుపంటే ఇంజన్ మీది బానెట్. తాయప్ప తెరిచాడు. ఆవిడ బండి ముందు పూలు పెట్టి, లోపలికి వంగి, పళ్లెంలో తడిపిన పసుపు మూడు వేళ్లతో తీసి తిన్నగా కార్బురేటర్‌కు మెత్తింది. మెత్తడమంటే అలా ఇలా కాదు, గడపకు పూసినట్టు దట్టంగా! దాని మీద కుంకుమ బొట్టు. ఆ తర్వాత కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకుంది.

నా చేతిలో మజ్జిగ గ్లాసు అలాగే ఉండిపోయింది.

ఆవిడ లోపలికి వెళ్లాక తాయప్పను అడిగాను. సంగతి ఇది. అంతకు ముందు ఏడాది ఆవిడ కోడలికి కాన్పు అడ్డం తిరిగితే, వానలో, బురదలో ఈ వ్యానులోనే తాయప్ప ఆసుపత్రికి చేర్చాడు. తల్లీ బిడ్డా దక్కారు. ఈ మధ్య ఒక రోజు ఆవిడ వచ్చి, "దీనికి గుండెకాయ ఎక్కడుందయ్యా?" అని అడిగిందట. తాయప్ప కార్బురేటర్ చూపించాడు. అప్పటి నుంచి ప్రతి శుక్రవారం ఆ గుండెకాయకు పూజ. సాయంత్రం దాకా ఆ పసుపు తియ్యనివ్వదు. తర్వాత ఇతను కిరోసిన్ గుడ్డతో శుభ్రంగా తుడుస్తాడు.

కార్బురేటర్ పక్కన గుండుసూది పట్టేంత కన్నం ఒకటి ఉంటుంది. స్లో స్పీడుకు గాలి పోయేది దాంట్లోంచే. నడుస్తున్న ఇంజన్ ఆ తడి పసుపును లోపలికి లాగుతుంది, ఇతని గుడ్డ మిగిలింది కుక్కుతుంది, పైన మాత్రం తళతళా మెరుస్తుంది. నేను గాలి కొట్టినప్పుడల్లా కన్నం తెరుచుకునేది, శుక్రవారం రాగానే మళ్లీ మూసుకునేది.

తాయప్ప చేత వ్యాను నడిపించి దగ్గరి వంతెనకు పోయాను. గేరు దించాడు. ఆగింది. సన్న తీగతో కన్నం పొడిచాను. మళ్లీ గేరు ఎక్కించాడు, దించాడు, ఎన్నిసార్లు దించినా ఇంజన్ సన్నగా పాడుతూనే ఉంది.

"బతికినవ్ పో!" అని అతని వీపు చరిచాను. అతని ముఖంలో మాత్రం నవ్వు లేదు.

"అన్నా, పెద్దమ్మకు చెప్పకు."

"ఏంది? చెప్పకపోతే నీ నౌకరి పోతది!"

"పోనీ అన్నా. వంతెన మీద చంటిబిడ్డ ఉండె గదా బండ్ల. తన చేతి పసుపుతోనే ఆ బిడ్డ కాలువల పడబోయిందని తెలిస్తే ఆ తల్లి తట్టుకోదు. దుమ్మని చెప్పు. ఏదన్న చెప్పు."

"పిచ్చోడా, పిల్లలను ఏడికి తీస్కపోతవ్?"

అతను బానెట్ మూసి స్టీరింగ్ దగ్గరికి పోయాడు. ఆ మనిషినే స్క్రూలు తిప్పుతున్నావని నేను అనుమానించింది.

తిరిగి వచ్చేసరికి రామకోటయ్య గారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. వెళ్లి నిలబడ్డాను. "తప్పు బండిది సామీ, తాయప్పది కాదు. కార్బురేటర్ల ఒక సన్న కన్నం మూసుకుంటున్నది. ఇప్పుడు తీసిన."

"దేంతో మూసుకుంటందండీ?"

"ఏదో... దుమ్ము."

ఆయన నవ్వారు. "మీరిద్దరూ ఒక దేశం వాళ్లు. ఆయన్ని మీరు కాస్తన్నారు. మూడుసార్లు బాగైందన్నారు, ఇందాక వంతెన మీద మళ్లీ ఆగింది, ఇక్కణ్ణించే చూశా. దుమ్ము అన్ని బండ్లకూ ఉంది కదండీ? ఈయన్ని పంపిచ్చేస్తన్నా. రేపటి నుంచి రానక్కర్లేదు."

తాయప్ప తాళంచెవి అరుగు మీద పెట్టాడు.

అంతలో గడపలో నుంచి వెంకాయమ్మ గారు దిగి వచ్చింది. నా చేతి వైపు చూస్తోంది. ఆ తీగ ఇంకా నా వేళ్ల మధ్యే ఉందని అప్పుడు గాని నాకు తెలియలేదు. దాని కొస పచ్చగా ఉంది.

"ఇదేంటయ్యా, పసుపు కాదూ?" అంది.

నేను తీగను వెనక్కి దాచబోయాను. ఆవిడ తీగ తీసుకుని కొసను గోటితో గీకింది. తాయప్పను చూసింది, వ్యానును చూసింది, తన వేళ్లను చూసుకుంది.

"ఒరేయ్ రామకోటీ, బండిని ఆపింది నేను రా. ఈయన కాదు" అంది. "అయ్యో, వంతెన మీద ఆ పసిగుడ్డు... నా చేతులారా..."

"పెద్దమ్మా, నేనే చూపించిన గదా ఆ జాగ. తప్పు నాది" అన్నాడు తాయప్ప.

"నువ్వు నోరు ముయ్యి. నీకు తెలుసు కదా? తెలిసి తాళం అక్కడ పెట్టావా? పిల్లల్ని ఏం చేద్దామని?"

"మీరు అంత నమ్మకంతో బండికి మొక్కుతరు. ఎట్ల చెప్పాలె?"

ఆవిడ అతని దగ్గరికి వెళ్లి నిలబడింది. కళ్లు తుడుచుకోలేదు.

"బండికి ఎవడు మొక్కాడురా! ఆ వానలో నా కోడల్నీ బిడ్డనీ తెచ్చింది ఇనుమా? నువ్వు. నీకు దణ్ణం పెడితే సిగ్గుతో చచ్చిపోతావని దానికి పెట్టా."

రామకోటయ్య గారు తలవంచుకుని తువ్వాలు సర్దుకున్నారు. తర్వాత తనే లేచి, తాళంచెవి తీసి తాయప్ప చేతిలో పెట్టారు. "రేపు పొద్దున పాలు తీసకెళ్లాలి కదయ్యా" అన్నారు. తాయప్ప అప్పుడు ఏడ్చాడు, చిన్నపిల్లాడిలా, వ్యాను తలుపు పట్టుకుని.

ఇన్నేళ్లలో అంతకంటే చిక్కు రోగాలు చాలా విప్పాను. కానీ ఒకే చెడు తిరిగి తిరిగి వస్తే, స్పానర్ పక్కన పెట్టి, ఆ బండి నిలిచే ఇంటికి వెళ్లి కూర్చోవడం ఆ వ్యానుతోనే అలవాటైంది. లోపం పట్టుకోవడం మా పనిలో సగమే. దాన్ని నలుగురిలో చెప్పడం మిగతా సగం. ఆ సగం ఆ రోజు నాకు చేతకాలేదు. ఆ తల్లి చేసింది.