విశ్వకర్మ పూజ నాడు గోవింద్‌పూర్‌కి, సెల్లులతో నడిచే ఇంజన్‌ని ఒళ్ళో పెట్టుకుని

ఈ ప్రయాణం ఒక వెటకారంతో మొదలైంది. గోవింద్‌పూర్‌లోని ఒక చిన్న క్లబ్బులో పెద్ద బల్ల మీద బొమ్మ రైలుమార్గం ఉంది. పట్టాల్లోకి కరెంటు పంపిస్తే ఆ పట్టాల నుంచే చక్రాల ద్వారా ఇంజన్ మోటారుకి అందుతుంది. మా ఐటీఐ వాళ్ళందరం పోయిన నెల చూడటానికి వెళ్ళాం. పది నిమిషాల్లో కరెంటు పోయింది, రైళ్ళన్నీ ఎక్కడివక్కడ నిలబడిపోయాయి. చిన్నపిల్లలు అరగంట ఎదురుచూసి ఏడుస్తూ వెళ్ళిపోయారు. టార్చిలైటు సెల్లులతో నడిపించవచ్చు కదా అని నేను అడిగాను. క్లబ్బు పనులు చూసే మిశ్రాజీ అందరి ముందూ నవ్వి, అటక మీద పడి ఉన్న ఒక పాడైన ఇంజన్, మూత ఉన్న ఒక వ్యాగను నా చేతిలో పెట్టారు. "విశ్వకర్మ పూజ రోజున తీసుకురా. ఒక్క చుట్టు తిరిగితే ఆదివారాలు మా వర్క్‌షాపుకి రావచ్చు" అన్నారు. ఆ వర్క్‌షాపులో చిన్న లేతు ఉంది, డ్రిల్లు ఉంది. ఐటీఐలో మా బ్యాచికి మిషన్ దగ్గర వంతు వచ్చేసరికి గంట కొడతారు. మా ఇంట్లో బడికి వెళ్ళిన మొదటిదాన్ని నేను. నాన్న టాటానగర్ లోకోషెడ్డులో ఖలాసీ. మిశ్రాజీ నవ్వుతూ అన్న మాటని నేను మాటగానే తీసుకున్నాను.

పని పదిహేను రోజులు పట్టింది. ఇలాంటిది చేయాలనుకునేవారికి ఉపయోగపడుతుందని వివరంగా రాస్తున్నాను. ముందు ఇంజన్ అడుగున చక్రాల నుంచి కరెంటు తీసుకునే రెండు ఇత్తడి రేకుల్ని పీకేశాను. ఇంజన్‌లో సెల్లులకి చోటు లేదు కాబట్టి నాలుగు పెన్సిల్ సెల్లుల్ని వెనకాల వ్యాగన్‌లో పెట్టి, రెండు తీగల్ని, రెండింటినీ కలిపే లంకె మీదుగా ఇంజన్‌లోకి తీసుకెళ్ళాను. మోటారు పన్నెండు వోల్టులది, నా సెల్లులన్నీ కలిపి ఆరు వోల్టులే, అంచేత ఇంజన్ నెమ్మదిగా నడుస్తుంది. వంటగది గచ్చు మీద మొదటిసారి కదిలినప్పుడు అమ్మ గరిటె పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఓలమ్మా, పట్టాల్నేకుండా ఎల్పోతందే! మీ నాన్న సూత్తే ఉజ్జోగం ఊడుతాదని బెంగెట్టుకుంటాడు."

పూజ రోజు ఉదయం ఏడింటికి బయల్దేరాను. మామూలు రోజుల్లో టాటానగర్ స్టేషన్ బయట మినీబస్సు ఎక్కితే బర్మామైన్స్ మీదుగా టెల్కో కాలనీకి ముప్పావు గంట, టికెట్టు అరవై పైసలు. అక్కడి నుంచి గోవింద్‌పూర్‌కి ఇంకో బండి. కానీ ఆ రోజు స్టాండులో మినీబస్సులన్నీ స్నానం చేసి, బంతిపూల దండలు వేసుకుని, అద్దాల మీద సింధూరం బొట్లతో వరసగా నిలబడి ఉన్నాయి. పనిముట్లకీ బండ్లకీ పండగ కదా, పూజ అయ్యేదాకా ఎవరూ కదపరు. ఈ ఊళ్ళో పుట్టి పెరిగి ఈ సంగతి మర్చిపోయినందుకు ముందు నా మీద నాకే కోపం వచ్చింది. కండక్టరు నా చేతిలో బూందీ పొట్లం పెట్టి, "ప్రసాద్ ఖాయియే దీదీ, గాడీ బారహ్ బజే" అన్నాడు. మిశ్రాజీ నన్ను రమ్మన్నది పదకొండింటికి. పన్నెండింటి బస్సు నాకెందుకు?

చివరికి ఒక సైకిల్ రిక్షా అతను ఒప్పుకున్నాడు. అతని హ్యాండిల్‌కీ పువ్వు ఉంది, కానీ తెల్లవారకముందే పూజ ముగించేశాడట. కడుపుకి సెలవు లేదని నవ్వాడు. టెల్కో దాకా నాలుగు రూపాయలు. బేరమాడే ఓపిక లేదు. ఇంజన్‌ని, వ్యాగన్‌ని పాత తువ్వాల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. రైలు గేటు దగ్గర రిక్షా ఎగిరిపడింది, ఒళ్ళో టక్కుమని చిన్న శబ్దం వచ్చింది. తువ్వాలు విప్పి చూస్తే రెండు తీగల్లో ఒకటి మొదలంటా తెగిపోయింది. పొందిగ్గా ఉండాలని తీగల్ని సరిగ్గా కొలతకి కత్తిరించాను, లాగుడికి కాస్త వదులు కూడా ఉంచలేదు.

టెల్కో బజారులో అప్పారావు మావయ్యకి రేడియో రిపేరు కొట్టు ఉంది. చుట్టమేం కాదు, నాన్న వాళ్ళ ఊరివైపు మనిషి. తొమ్మిదిన్నరకి వెళ్ళేసరికి బల్ల మీద పనిముట్లన్నీ ఎర్రగుడ్డ పరుచుకుని, బొట్లు పెట్టుకుని పడుకున్నాయి.

"ఏటే గుంటా, ఈయేల కొట్టు మూసీసినాను. పెసాదం తీసుకో."

"ప్రసాదం వద్దు మావయ్యా. ఒక్క తీగ అతికిస్తే చాలు, రెండు నిమిషాలు."

"సోల్డరింగు కడ్డీకి బొట్టెట్టీసినాను. రేపొద్దున్న దాకా ముట్టను. ఎవుల్నైనా అడుగు, ఈయేల పానా ముట్టుకుంటారేటో."

"రైళ్ళు నడవడం లేదా ఈ రోజు?"

"అవి గవుర్మెంటువి. గవుర్మెంటుకి పూజేటి, పునస్కారమేటి!"

నాకు నవ్వు రాలేదు. ఒక్క తీగ కోసం పదిహేను రోజుల పని పోతుందని, ఈ రోజు దాటితే మిశ్రాజీ మళ్ళీ రానివ్వరని గట్టిగా అరిచేశాను. పక్క కొట్టు వాళ్ళు తొంగిచూశారు. కోపం ఎక్కువైతే నాకు కన్నీళ్ళొస్తాయి, అది ఇంకా కోపం తెప్పిస్తుంది.

మావయ్య చెయ్యి చాచాడు. "కోపమొత్తే ముక్కు ఎర్రగైపోతాది, అచ్చం మీ బాబునాగే. ఇలగియ్యి. కడ్డీకి బొట్టెట్టాను గానీ పళ్ళకెట్టానేటి?"

తెగిన తీగ పై తొడుగుని పళ్ళతో గీరేశాడు. "ఏటిది, బెత్తెడు కూడా వొదల్నేదు! ఎవుడు నేర్పినాడే నీకు?" అంటూ, గుమ్మానికి బంతిదండ కట్టిన రాగి తీగలోంచి ఒక ముక్కని వంచి వంచి తుంచాడు. రెండు చివరలకీ మెలిపెట్టి, పైన దెబ్బలకి వేసే ప్లాస్టరు చుట్టాడు. ఒక్క పనిముట్టు కూడా ముట్టుకోలేదు. స్విచ్చి వేస్తే మోటారు తిరిగింది. "ఎల్లు, ఎల్లు. ఎవుడైనా లాగితే మాత్తరం ఊడిపోతాది" అన్నాడు.

గోవింద్‌పూర్‌కి నడిచే వెళ్ళాను. చేరేసరికి పదకొండు దాటింది. క్లబ్బులో పూజ అయిపోయి అతిథులు, పిల్లలు బల్ల చుట్టూ మూగి ఉన్నారు. ఆ రోజు కరెంటు ఉంది, రైళ్ళు జోరుగా తిరుగుతున్నాయి. మిశ్రాజీ మాట్లాడిందంతా హిందీలోనే, నేను తెలుగులో రాస్తున్నాను.

"ఎవరు చేసిచ్చారు? మీ అన్నయ్యా?"

"నాకు అన్నయ్య లేడు. నేనే చేశాను."

ఖాళీగా ఉన్న లోపలి పట్టాల మీద పెట్టి స్విచ్చి వేశాను. మెల్లగా, కానీ ఎక్కడా ఆగకుండా ఒక చుట్టు పూర్తి చేసింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. మిశ్రాజీ అతిథుల వైపు తిరిగి నవ్వారు. "పట్టాల్లో కరెంటు ఉంటే ఏ ఇంజనైనా తిరుగుతుంది."

జేబురుమాల్లో దాచిన ఇత్తడి రేకులు తీసి చూపించాను. ఇవి లేకుండా పట్టాల కరెంటు మోటారుకి చేరదన్నాను. ఆయన వాటి వైపు చూడలేదు. పోనీ మెయిన్ స్విచ్చి ఆపండి, అప్పుడు చూడండి అన్నాను. అతిథులుండగా రైళ్ళు ఆపడం కుదరదన్నారు.

ఒళ్ళు మండిపోయింది. ఇంజన్‌ని, వ్యాగన్‌ని రెండు చేతులతో ఎత్తి గచ్చు మీద పెట్టాను. పట్టాలు లేవు, కరెంటు లేదు. అది అతిథుల చెప్పుల మధ్య నుంచి తిన్నగా నడిచి, విశ్వకర్మ విగ్రహం పెట్టిన పీటకి తగిలి ఆగి, అక్కడే చక్రాలు తిప్పుతూ ఉండిపోయింది. "ఔర్ ఏక్ బార్, దీదీ!" అని ఇంకోసారి నడపమంటూ ఒక చిన్నపాప గెంతింది.

మిశ్రాజీ మొహంలో నవ్వు పోయింది. గొంతు తగ్గించి, "నేల మీద నడిస్తే లెక్కకి రాదు. అయినా మా వర్క్‌షాపుకి ఆడపిల్లలెవరూ రారు, ఏర్పాట్లు లేవు" అన్నారు. ఈ మాట నెల రోజుల ముందే చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు, ఎందుకంటే నేను చేయలేనని ఆయన నిశ్చయంగా అనుకున్నారు.

నేను కింద కూర్చుని వ్యాగన్ మూత తీసి, నాలుగు సెల్లులూ బయటికి లాగాను. "ఇంజన్ మీది. సెల్లులు నావి. ఆదివారం వర్క్‌షాపు తలుపు తీస్తే తెస్తాను" అని హిందీలో అందరికీ వినబడేలా చెప్పి వచ్చేశాను. తిరుగుదారిలో మినీబస్సులు నడుస్తున్నాయి. టెల్కో దాకా నడిచి, అక్కడి నుంచి అరవై పైసలకే ఇంటికి చేరాను.

ఇది రాస్తున్నది గురువారం. కోపం ఇంకా తగ్గలేదు, తగ్గాలని నాకు లేదు కూడా. ఆచారం తప్పకుండానే మావయ్య నా కోసం పళ్ళతో దారి చేశాడు. ఇచ్చిన మాట తప్పడానికి మిశ్రాజీకి ఏ ఆచారమూ అక్కర్లేకపోయింది. క్లబ్బు కమిటీకి దరఖాస్తు రాశాను, మా ఇంట్లో దరఖాస్తు రాయగలిగింది నేనొక్కదాన్నే. ఆదివారం ఎనిమిదింటి బస్సుకి వెళ్తాను. తలుపు వేసి ఉంటే మెట్ల మీద కూర్చుంటాను. "నేనూ వత్తానే, ఆ రోజు నాకు సెలవే" అన్నాడు నాన్న, చొక్కా ఇస్త్రీకి ఇస్తూ.

మీలో ఎవరైనా ఇలాంటి బండి చేసి బయల్దేరితే ఒక్క సలహా. లంకె దగ్గర తీగని కనీసం బెత్తెడు వదులుగా ఉంచండి. దారిలో ఎక్కడ ఎవరు కుదుపుతారో ముందు తెలియదు.